పనిముట్లు ఏరిన మధ్యాహ్నం

మధ్యాహ్నం మూడు గంటల వేళ, పాత పనిముట్ల కొట్టులో, కార్ల సొట్టలు తీసే మేస్త్రీ ఒక ఉక్కు దిమ్మను పురికొసకు వేలాడదీసి సుత్తితో కొట్టాడు. అది మోగిందో లేదో ఆయనకు తెలియలేదు.

మళ్లీ కొట్టాడు. దిమ్మ పురికొస మీద అటూ ఇటూ ఊగి, ఒక చుట్టు తిరిగి, ఆగింది. దెబ్బ చేతికి తెలిసింది. సుత్తి పిడిలోంచి మణికట్టు దాకా వచ్చి అక్కడితో ఆగిపోయింది. ఆ తర్వాత రావలసింది, చెవిలో సన్నగా లేచి, సాగి సాగి తగ్గిపోయే మోత, రాలేదు. రోడ్డు మీద లారీ వెళ్లింది, అది వినపడింది. గల్లా దగ్గర కొట్టాయన టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు, అది వినపడలేదు, పెట్టడం చూశాడు కనక విన్నట్టే అనిపించింది. ఈ మధ్య చాలా సంగతులు ఆయన ఇలాగే వింటున్నాడు. పక్కన కోడలు రేకు పెట్టె మూత తెరిచి పట్టుకుని నిలబడి ఉంది, మామగారు ఏరి ఇచ్చినవి అందులో పెట్టుకోవడానికి. ఆమె ఏమీ అనకూడదు. పనిముట్లు ఏరేటప్పుడు నేర్పినవాళ్లు మోగించాలి, నేర్చుకున్నవాళ్లు పెట్టె పట్టుకోవాలి, ఇదీ వాళ్ల షెడ్డు పద్ధతి. ఎవరు పెట్టారో తెలియదు. ఆయన గురువు ఆయనకి ఏరి ఇచ్చాడు, ఆ గురువుకి ఇంకెవరో ఇచ్చి ఉంటారు. పెట్టె నిండాక గురువు మూత వేసి, ఇక నీ పని నీది, అనేవాడు. అంతే. కాగితం లేదు, సంతకం లేదు. మూత పడిందంటే మేస్త్రీ అయినట్టు.

సోమవారం నుంచి ఆమె సొంతంగా షెడ్డు తెరుస్తోంది, బస్సు డిపో వెనక సందులో, పైన రేకుల కప్పు, రెండు కార్లు పట్టే చోటు. ఇంటి నుంచి బయల్దేరేటప్పుడు ఒక్క మాటే అంది, మీ చేత్తో ఏరిపెట్టండి మామయ్యా, అని. ఆయన పాత పెట్టె ఉంది, ఇచ్చేయొచ్చు, కానీ పనికిరాదు. ఒక చేతి కింద ఏళ్ల తరబడి పడ్డ సుత్తి ఆ చేతి వాలుకే అరుగుతుంది. ఇంకొకరు పట్టి కొడితే అంచు తగిలి రేకు మీద నెలవంక పడుతుంది. అందుకని వాళ్లలో ఒకరి సుత్తి ఇంకొకరు ముట్టరు, అడిగినా ఇవ్వరు, ఇస్తే పట్టరు. కొడుకు బస్సు నడుపుతాడు, రేకు పని మొహం చూడలేదు. ఎవరైనా అడిగితే, మా నాన్న సొట్టలు తీస్తాడు, నేను పెడతాను, ఇద్దరి కడుపూ నిండాలి కదా, అంటాడు. పని కోడలికి వచ్చింది. ఆమె పెళ్లికి ముందు చొక్కాల కంపెనీలో కాలర్లు ఇస్త్రీ చేసేది. కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో, మొగుడి డ్యూటీ రాత్రిళ్లు పడినప్పుడు, మామగారికి అన్నం క్యారేజీ తనే తెచ్చేది. ఆయన తినేదాకా ఊరికే కూచోలేక కారు తలుపు మీద అరచెయ్యి వేసి రాసింది ఒకసారి. ఇక్కడ సొట్ట ఇంకా ఉంది మామయ్యా, అంది. ఆయన అన్నం ముద్ద క్యారేజీలో పెట్టేసి, ఎడమ చెయ్యి వేసి చూశాడు. ఉంది. కంటికి కనపడనిది, గుడ్డ మీద మడత ఎంతుంటుందో అంత. అప్పుడు ఆయనకు కోపం వచ్చింది. రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. మూడో రోజు ఆకురాయి చేతికిచ్చి, రుద్దు, అన్నాడు.

మోత ఎప్పుడు పోయిందో చెప్పమంటే చెప్పలేడు. అది ఒక రోజున పోలేదు. ముందు కుక్కర్ కూత పోయింది, ఇంట్లో మాడు వాసన వచ్చాకే లేచేవాడు. తర్వాత ఫోను. తర్వాత మనవరాలి మాటలు. పిల్ల పెదవులు ఆడిస్తుంది, ఆయన తలాడిస్తాడు, ఇద్దరికీ బాగానే ఉంటుంది. లారీలు వినపడతాయి, మగవాళ్ల గొంతులు వినపడతాయి, కోడలిది లావు గొంతు కనక అదీ వినపడుతుంది. భార్య గొంతు సన్నం. ఎన్నిసార్లు పిలిచినా పలకడని ఆమె కొడుకుతో చెప్పుకుంటే, నీ మాట ఎప్పుడు విన్నాడమ్మా, ఇప్పుడు కొత్తగా వినకపోవడానికి, అని వాడు నవ్వాడు, ఆమె కూడా నవ్వేసింది. ఆ నవ్వులో విషయం కొట్టుకుపోయింది. ఆయనా కొట్టుకుపోనిచ్చాడు. ఏళ్ల తరబడి ఉక్కు మీద ఉక్కు కొట్టినవాడి చెవి అరగకుండా ఎలా ఉంటుంది, సుత్తి అరిగినట్టే అదీ అరుగుతుంది, కాకపోతే సుత్తికి పిడి మార్చవచ్చు. కూత పోతే పోయింది, ఫోను పోతే పోయింది. కానీ పోయిన వాటి వరసలోనే, అదే సన్నని చోట, దిమ్మ మోత కూడా ఉందని ఆయనకు తర్వాత తట్టింది.

"ఏం బావా, సుత్తి కొంటున్నావా, సంబంధం చూస్తున్నావా? అన్నిసార్లు తిప్పుతున్నావు," అన్నాడు కొట్టాయన. ఒకప్పుడు పనిముట్లన్నీ తూకం వేసి అమ్మేవాడు కనక ఆయన్ని అందరూ కాటా అంటారు. ఇప్పుడు తూకం లేదు, పేరు మిగిలింది. చుట్టరికం ఏమీ లేదు, ఇద్దరికీ మీసాలు రాకముందు నుంచీ బావా అన్న ఆ పిలుపు ఉంది.

"సంబంధమైతే ఇంతసేపెందుకు? నాకు మా నాన్న ఒక్కపూటలో తేల్చేశాడు."

"ఆ తొందరే కదా, మా చెల్లెమ్మ ఇప్పటిదాకా అనుభవిస్తోంది."

కోడలు నవ్వు ఆపుకోవడానికి పెట్టెలోకి చూసింది. సుత్తుల పని అప్పటికే అయిపోయింది, దానికి చెవి అక్కర్లేదు. ఇందాక పాత పనిముట్లు పోసిన తొట్టి ముందు గొంతుకూచుని ఆయన ఒక్కొక్కటే తీశాడు. పిడి మధ్యలో వేలి మీద నిలబెట్టి బరువు ఎటు తూగుతుందో చూశాడు. సుత్తి మొహాన్ని గోరుతో గీశాడు. గోరు ఎక్కడ ఆగితే అక్కడ గాటు ఉన్నట్టు, ఆ గాటు కొట్టిన ప్రతిసారీ రేకు మీద అచ్చు పడుతుంది. పిడి చివర చెక్క గీతలు పొడుగునా ఉన్నాయా అడ్డంగా ఉన్నాయా చూశాడు, అడ్డంగా ఉంటే విరుగుతుంది. ఒక వైపు గుండ్రని మొహం, రెండో వైపు ముక్కు ఉన్న సుత్తి ఒకటి, చిన్న గుంటలు లోపల్నుంచి లేపడానికి. రెండు వైపులా చదును మొహాలున్నది ఒకటి. చెక్క సుత్తి ఒకటి, మొదటి దెబ్బలు దానితోనే వేయాలి, ఉక్కు తొందరపడుతుంది, చెక్క పడదు. వంపు తిరిగిన బద్ద ఒకటి, చెయ్యి దూరని చోట దూర్చడానికి. ఆకురాయి తీసుకుని పళ్ల మీద బొటనవేలు అడ్డంగా నడిపాడు. ఒక్కొక్కటి ఆమె చేతికి ఇస్తుంటే ఆమె ఒక్క ఊపు ఊపి పెట్టెలో పెట్టింది. ఆ ఊపులు చూస్తే ఆయనకు నిమ్మళంగా ఉంది. మణికట్టు వదులుగా ఉంది, భుజం కదలడం లేదు, సుత్తి బరువే పని చేస్తోంది. నేర్పింది తనే. ఇంకొకటి మిగిలింది, దిమ్మ. దాన్ని డాలీ అంటారు చాలామంది. అరచేతిలో పట్టే ఉక్కు ముద్ద, రేకు వెనక ఆనించి పట్టుకుంటే ముందు నుంచి సుత్తి పడుతుంది. సుత్తి ఎంత మంచిదైనా వెనక దిమ్మ చెడ్డదైతే పని చెడ్డదే.

పాత దిమ్మల్లో చెడ్డవి కంటికి దొరకవు. ఎవడో దాన్ని కమ్మరి దాగలిలా వాడుకుని, పైన ఇనుము పెట్టి పెద్ద సుత్తితో మోది ఉంటాడు. లోపల చీలుతుంది, పైకి నున్నగానే ఉంటుంది. అమ్మేవాడికి కూడా తెలియదు. వాడుతున్న కొద్దీ చీలిక పైకి పాకి, వెంట్రుకంత గీత తలుపు మీదికి దిగుతుంది, రంగు వేసి ఎండలో పెట్టాక గానీ బయటపడదు. అప్పటికి కారు గలాయన ముందు నిలబడి ఉంటాడు. కొత్త షెడ్డు, మొదటి కారు, ఆడమనిషి మేస్త్రీ. ఆ గీత ఒక్కటి చాలు, సందంతా చెప్పుకోవడానికి. అందుకే వేలాడదీసి కొడతారు. మంచిదైతే గంటలా పలుకుతుంది, లోపల చీలికుంటే మట్టి కుండ మీద కొట్టినట్టుంటుంది. ఆయన గురువు ఒక మధ్యాహ్నమంతా తొట్టి తొట్టంతా మోగించి, ఏమీ కొనకుండా లేచి వచ్చాడు ఒకసారి. ఇంటికి నడుస్తూ, ఇవాళ అన్నీ మూగవేరా, అన్నాడు. ఆ రోజు ఆయనకు నవ్వొచ్చింది. ఇవాళ ఆయన తొట్టిలోంచి మూడు తీసి కట్టాడు, మూడూ మూగవే. మూడూ మూగవి కావు, తన చెవి మూగది, చెవి మూగదనకూడదు, చెవుడు అనాలి, ఆ మాట ఆయన ఇప్పటిదాకా లోపల కూడా అనుకోలేదు. అనుకున్నాక దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక, చెంప గోక్కున్నట్టు చెయ్యి ఎత్తి, ఊగుతున్న దిమ్మను దవడ ఎముకకు ఆనించాడు. చల్లగా ఉంది. జుమ్మని ఏదో వచ్చింది, కానీ అది అన్నిటికీ ఒకలాగే వచ్చింది.

పోయిన నెల బానెట్ జ్ఞాపకం వచ్చింది. తెల్ల కారు, మధ్యలో సొట్ట, చిన్న పనే. దిమ్మ లోపల ఆనించి పైన సుత్తి వేయడంలో రెండు రకాలు. సుత్తి సరిగ్గా దిమ్మ మీదే పడితే రేకు రెంటి మధ్యా నలిగి సాగుతుంది. దిమ్మకి పక్కన పడితే సాగదు, ఉబ్బింది దిగుతుంది, దిగింది లేస్తుంది. ఏది జరుగుతోందో కన్ను చెప్పలేదు, దిమ్మ రేకు వెనక ఉంటుంది కనక. చెవి చెప్పాలి. మీద పడితే ఖంగుమంటుంది, పక్కన పడితే డబ్బుమంటుంది. ఆ రోజు ఆయనకు అంతా డబ్బు డబ్బుమనే వినపడింది. పక్కనే పడుతోంది, బాగానే పడుతోంది అనుకుంటూ ఇంకా వేశాడు, ఇంకా వేశాడు. అవన్నీ ఖంగులు. ఖంగులోంచి సన్నని భాగం తీసేస్తే మిగిలేది డబ్బుమనే చప్పుడే. సాయంత్రానికి రేకు సాగిపోయి బానెట్ ఉబ్బింది, వేలితో నొక్కితే ఒక పక్క టప్పున దిగి ఇంకో పక్క లేచింది. పని నేర్చుకునేవాళ్లు చేసే తప్పు. ఆయన సుత్తి బల్ల మీద పెట్టి, ఈ కాలం రేకులు కాగితాలు, అన్నాడు. అవును మామయ్యా, అంది కోడలు. మర్నాడు ఆయన వెళ్లేసరికి బానెట్ చదునుగా ఉంది. ఎత్తి చూస్తే అడుగున నీలం మచ్చలు, రూపాయి బిళ్లంత, అక్కడక్కడ. కాల్చి, తడిగుడ్డ వేసి, సాగిన రేకును ముడుచుకునేలా చేసిన మచ్చలు. పొద్దున్నే వచ్చి చేసి ఉంటుంది. రేకు మంచిది కాదని నమ్మింది పాపం, అనుకున్నాడు ఆయన ఆ రోజు.

మూడు దిమ్మల్లో మధ్యది చేతికి ఇష్టంగా ఉంది. మడమ ఆకారం, ఒక పక్క వంపు, ఒక పక్క చదును, అంచులు తిన్నగా ఉన్నాయి. ఆమె చెయ్యి చిన్నది, అందులో సరిపోతుంది. ఏదో ఒకటి చెప్పాలి. ఇంకా నిలబడితే కాటా ఏదో అంటాడు. ఇవన్నీ ఒకే తొట్టిలోవి, ఎక్కువ భాగం మంచివే ఉంటాయి, చెడ్డది తగలాలంటే తగలాలి. గురువు ఉంటే ఈ లెక్కకి మొట్టికాయ వేసేవాడు. ఆయన పురికొస విప్పాడు.

"ఇది పెట్టు," అన్నాడు.

కోడలు అందుకుంది. పెట్టెలో పెట్టే ముందు, చేతి అలవాటు కొద్దీ, వేళ్ల కొసలతో పట్టుకుని పెట్టెలోని సుత్తి మొహానికి తాకించింది. చిన్న తాకిడి. ఆయనకు వినపడలేదు. ఆమె చెయ్యి ఆగడం కనపడింది. గాలిలో అలాగే ఆగి, రెప్పపాటు ఆగి, మళ్లీ కదిలింది. గల్లా దగ్గర కాటా టీ గ్లాసు ఎత్తబోయి ఎత్తకుండా, దాని అంచు చుట్టూ వేలు తిప్పుతున్నాడు. ఆయన కోడలి ముఖం చూశాడు. ఆమె పెట్టెలోకే చూస్తోంది.

"బాగుంది మామయ్యా," అని దిమ్మను సుత్తి పక్కన పెట్టింది.

పెళ్లయి వచ్చిన నాటి నుంచి ఆమెకు అబద్ధం ఆడటం రాదు. అత్తగారి కూరలో ఉప్పెక్కువైతే బాగుంది అత్తయ్యా అంటుంది, అనేటప్పుడు కంచంలోకి చూస్తుంది, ఇంట్లో అందరికీ తెలుసు, అత్తగారికి కూడా తెలుసు. ఇప్పుడు పెట్టెలోకి చూసింది. అంటే దిమ్మ చీలింది. అది ఆమెకు వినపడింది. కాటాకి వినపడింది. తనకి వినపడలేదని ఆ ఇద్దరికీ తెలిసింది, కాదు, ఆమెకి ఇప్పుడు కొత్తగా తెలియలేదు, ఇప్పుడే తెలిసి ఉంటే అయ్యో అనేది, మళ్లీ కొట్టి చూడండి అనేది. ఆమె ఆశ్చర్యపోలేదు. నీలం మచ్చలు. రేకు కాగితమంటే అవును మామయ్యా అన్నప్పుడు ఆమె ఎటు చూసింది? బానెట్ వైపే చూసింది. అక్కడ చూపు దాచుకోవడానికి పెట్టె లేదు, కంచం లేదు. మరి అంతకు ముందు తలుపు, ఆ నీలం కారు మడ్‌గార్డు, తను చేసి వెళ్లాక పొద్దున్నకి ఇంకాస్త చదునుగా కనపడ్డవి ఎన్ని? రాత్రికి రాత్రి రేకు తనంతట తను సర్దుకోదు. ఆయన ముందు కొట్టాయన ఇనప బీరువా నిలబడి ఉంది, దాని తలుపు మీద ఒక సొట్ట, ఎవరూ తీయని సొట్ట, ఆయన దాన్ని చూస్తూ నిలబడ్డాడు, ఎక్కడ మొదలుపెట్టాలి, అంచు నుంచి లోపలికి రావాలి, నడుమ మొదలుపెట్టకూడదు. చీలిన దిమ్మను ఆమె సోమవారం వాడుతుందా? వాడుతుంది. మామగారు మోగించి ఇచ్చింది కనక వాడుతుంది, గీత పడితే పొద్దున్నే వచ్చి రుద్దుకుంటుంది, ఇంకో దిమ్మ కొనుక్కున్నా ఆయన వచ్చిన రోజు ఇదే బల్ల మీద పెడుతుంది. ఇప్పుడు మూత వేసి ఇంటికి వెళ్లిపోవచ్చు. ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇక నీ పని నీది, అనాలి. మూత మీద చెయ్యి వేశాడు. రేకు చల్లగా ఉంది. ఎవరి పని ఎవరిదని చెప్పబోతున్నాడో, ఆ మాట నోటిదాకా వచ్చి నిలబడింది. గురువు మొట్టికాయ వేసేవాడు. మొట్టికాయ కాదు, ఇంత పనికి గురువు మాట్లాడటం మానేసేవాడు.

ఆయన పెట్టెలో చెయ్యి పెట్టి దిమ్మను బయటికి తీశాడు. గల్లా బల్ల మీద పెట్టాడు.

"ఇది పలకలేదు కదా?"

కోడలు పెట్టెలోకి చూడలేదు. ఆయన్నే చూసింది.

"లేదు మామయ్యా."

"మరి బాగుందన్నావేం?"

కాటా దిమ్మను తన వైపు లాక్కుని, గల్లా కింద పడేసి, "పాత ఇనుములోకి పోతుందిలే, నేనూ చూసుకోలేదు," అన్నాడు. మామూలుగా ఇంకో మాట కూడా అంటాడు. అనలేదు.

"ఎప్పట్నుంచి తెలుసు?" అన్నాడు మేస్త్రీ.

"బానెట్ కంటే ముందు నుంచే."

"మీ అత్తయ్యకి తెలుసా?"

"అత్తయ్యకి తెలిస్తే ఊరంతా తెలిసేది, ఈపాటికి ఈ కొట్టాయన మనకంటే ముందే చెప్పేవాడు మామయ్యా."

కాటా నవ్వాడు. అది ఆయనకు వినపడింది. ఆయనకి నవ్వు రాలేదు, కోపం కూడా రాలేదు. వస్తుందని కాసేపు చూశాడు. రెండు రోజులు మాట్లాడకుండా ఉన్న ఆ పాత కోపం ఎక్కడో ఉండాలి, వెతికితే దొరకలేదు. చెవుడు అనే మాట ఇందాక లోపల అనుకున్నది ఇప్పుడు బయట బల్ల మీద దిమ్మలా ఉంది, అందరూ చూస్తున్నారు, దాని బరువు దానికుంది, అంతే. చేతులు ఉన్నాయి. గోరు ఎక్కడ ఆగుతుందో వేలికి తెలుసు. ఆకురాయి రుద్దితే అరచేతికి తెలుసు. ఖంగుమనేది ఏదో డబ్బుమనేది ఏదో తెలియని పని ఇక తను చేయకూడదు, బానెట్లు చేయకూడదు, సోమవారం కాదు, ఇవాళ్టి నుంచే. గురువు ఏమంటాడో అని ఒక్క క్షణం ఆగాడు. గురువు ఏమీ అనలేదు.

ఆయన పురికొస తీసి కోడలి చేతికి ఇచ్చాడు. చేతిలో ఉన్న సుత్తి కూడా ఇచ్చాడు. రేకు పెట్టె ఆమె దగ్గర్నుంచి తీసుకుని, రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు.

"నువ్వు కట్టు. నువ్వే కొట్టు," అన్నాడు.

"మీరు ఏరాలి కదా మామయ్యా."

"ఏరుతాను. నువ్వు కొట్టు."

ఆమె తొట్టి ముందు గొంతుకూచుంది. చేతికి సరిపోయేది చూసి ఒకటి తీసింది, కట్టింది, కొట్టింది. పెదవి కొంచెం పక్కకి పోయింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆమె అది విప్పేసి ఇంకొకటి కట్టింది. కొట్టింది. కనుబొమలు కలిశాయి. ఆయన మళ్లీ అడ్డంగా ఊపాడు. మూడోది రైలు పట్టా ఆకారంలో ఉంది, అంచున తుప్పు, ఆయన ఎప్పుడూ ఇష్టపడి కొనని రకం. ఆమె కట్టింది, ఊగడం ఆగేదాకా చూసింది, కొట్టింది.

ఆమె ముఖం చూశాడు. చాలాసేపు చూశాడు, ఆ ముఖంలో మోత సాగి సాగి తగ్గేదాకా.

"ఇది పెట్టు," అన్నాడు.

ఆమె పెట్టెలో పెట్టింది. ఆయన మూత వేశాడు.